రెండడుగుల అక్వేరియం సెట్: తొట్టి భేష్, ఫిల్టర్ దండగ

బెజవాడ అక్వేరియం షాపుల్లో గోల్డ్‌ఫిష్ అనగానే ముందు చూపించేది రెండడుగుల సెట్. అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న గాజు తొట్టి, ఎల్ఈడీ లైటున్న ప్లాస్టిక్ మూత, నీళ్లలో మునిగే మోటారు ఫిల్టర్, రంగు రాళ్ల సంచి, రెండు ప్లాస్టిక్ మొక్కలు. దీని మీద కంపెనీ పేరేమీ ఉండదు. ఒరండా, ర్యూకిన్, బ్లాక్ మూర్ లాంటి ఫ్యాన్సీ రకాలకు ఇందులో సగమే పనికొస్తుంది.

తొట్టికి వంక పెట్టలేం. ఈ సైజుకి 5 ఎంఎం గాజు చాలు. కొనేముందు మూలల్లో సిలికాన్ మీద గోరు నడిపి చూడాలి. అంచు లేస్తున్నా, లోపల గాలి బుడగలున్నా ఇంకోటి తీయమనండి. పైన రెండంగుళాలు వదిలి నింపితే పట్టేది 47 లీటర్లు. గాజుతో కలిపి బరువు 55 కిలోలు దాటుతుంది కాబట్టి గట్టి బల్ల కావాలి. తొట్టి కింద పరిచే థర్మోకోల్ షీటు సెట్‌లో రాదు, అడిగి తీసుకోవాలి.

"ఆరు చేపలు వేసుకోవచ్చండీ" అంటారు కౌంటర్ దగ్గర. వేయాల్సింది రెండే. ఇవి అరచేయంత పెరిగే చేపలు, తిండిపోతులు. తిన్నదానికి తగ్గట్టు అమ్మోనియా వదులుతాయి.

అసలు పేచీ ఫిల్టర్‌తోనే. మోటారు నీళ్లలోనే ఉంటుంది కనుక దాని వేడంతా నీళ్లకే. గోల్డ్‌ఫిష్‌కి హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీలు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మన ఇళ్లలో తొట్టి నీళ్లు 32 దాటుతాయి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 32 దగ్గర 7 చిల్లరే. వేడికి అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. ఇది చాలదన్నట్టు ఫిల్టర్ ధార నేరుగా కొడుతుంది. గుండ్రటి ఒళ్లు, పొడుగు తోక ఉన్న ఒరండా దానికి ఎదురీదలేక మూలకి ఒదిగి, రెక్కలు ముడుచుకుని కూర్చుంటుంది. జబ్బేమో అని మందులు పోసేస్తుంటారు.

దాని బదులు ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్, వీలైతే రెండు స్పాంజిలది, వేయండి. మోటారు బయటే ఉంటుంది, బుడగలతో ఆక్సిజన్ అందుతుంది. పంపుని నీటి మట్టం కన్నా ఎత్తులో పెట్టాలి, లేదా ట్యూబుకి చెక్ వాల్వ్ (నీళ్లు వెనక్కి రానివ్వని చిన్న బిళ్ల) వేయాలి. లేకపోతే కరెంటు పోగానే నీళ్లు ట్యూబులోంచి వెనక్కి జారి పంపు తడుస్తుంది. కోతలున్న చోట బ్యాటరీ పంపు ఒకటి ఉంచుకోవడం మంచిది.

స్పాంజిని రెండు వారాలకోసారి తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. నీళ్లు టీ డికాక్షన్ రంగుకి రాగానే ఆపేయండి, తెల్లగా మెరిసేదాకా తోమక్కర్లేదు. కుళాయి కింద కడిగితే, స్పాంజిలో ఉండి అమ్మోనియాని విరిచే మంచి బ్యాక్టీరియా క్లోరిన్‌కి చచ్చిపోయి, రెండో రోజుకే నీళ్లు పాలలా మబ్బేస్తాయి.

ఆ బ్యాక్టీరియా పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. "ఇవాళ నింపి రేపు వేసేయండి" అన్న సలహా వింటే వారంలో చేప పైకి తేలుతుంది. అమ్మోనియా చుక్కల కిట్ తీసుకోండి. చేపలున్న తొట్టిలో 0.25 పీపీఎం కనిపించినా నీళ్లు మార్చాల్సిందే. మామూలుగా వారానికి 20 లీటర్లు, అంటే పెద్ద పెయింట్ డబ్బాడు. కార్పొరేషన్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ కలిపాకే పోయాలి. ఆర్‌ఓ నీళ్లు మంచివనుకుంటారు గానీ, వాటిలో ఖనిజాలుండవు, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) నిలవదు.

మూత ఎండాకాలం తీసేసి దోమతెర బిగించండి. చిన్న టేబుల్ ఫ్యాన్ నీటి మీదికి తిప్పితే ఆవిరితో రెండు డిగ్రీల దాకా తగ్గుతుంది. ఉక్కపోత రోజుల్లో అంత ఫలితం ఉండదు, ఆవిరైన నీళ్లు మాత్రం రోజూ పోయాలి.

రంగు రాళ్లు అసలొద్దు. శనగగింజంత రాయి గోల్డ్‌ఫిష్ నోట్లో ఇరుక్కుంటుంది, రాళ్ల సందుల్లో మేత కుళ్లుతుంది. అడుగు ఖాళీగా ఉంచడమే మేలు. ప్లాస్టిక్ మొక్కల మొనలకి బ్లాక్ మూర్ ఉబ్బు కళ్లు గీసుకుపోతాయి. బేరం ఆడేటప్పుడే రాళ్లు, మొక్కలు, మోటారు తీసేసి తొట్టికీ మూతకీ ధర కట్టమనండి. మిగిలిన డబ్బుతో స్పాంజి, పంపు తీసుకోవచ్చు.