‘చాలా నెమ్మదైన కుక్క’ అని అమ్ముతుంటే ఒక్క నిమిషం ఆగండి

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల ఏడాది దాటిన కుక్కని తక్కువ ధరకు తెచ్చుకోవాలని చూస్తున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. అమ్మినతని పేరు రాయడం లేదు. రేపు ఇంకో నంబరుతో, ఇంకో పేరుతో అమ్ముతాడు. అతని పద్ధతి తెలిస్తే చాలు.

మాది నెల్లూరు, వేదాయపాలెం. జనవరిలో కావలిలో ఒకతని దగ్గర ఏడాదిన్నర మగ బీగిల్‌ని 9,000కి తెచ్చుకున్నాం. ఓనర్లు విదేశాలకు వెళ్లిపోతున్నారట, అందుకే అంత చవకట. బీగిల్ అంటే ఇల్లు పీకి పందిరేసే జాతి. ఇదేమో మేం వెళ్లేసరికి గుమ్మం దగ్గర పడుకుని ఉంది, తలెత్తి చూసి మళ్లీ పడుకుంది. “చూశారా అన్నా, ఎంత నెమ్మదో! ఏది పెట్టినా తింటది, ఒక్క అరుపు ఉండదు” అన్నాడు. పిల్లలున్న ఇల్లు, ఇంతకంటే ఏం కావాలనుకున్నాం.

బయల్దేరేటప్పుడు ఒక కాగితం పొట్లం చేతిలో పెట్టాడు. రేకు నుంచి ఒక్కొక్కటిగా కత్తిరించిన మాత్రలు, నలభై. “బలానికి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అయిపోతే ఇంక అక్కర్లేదు.” ఏ ముక్క మీదా పూర్తి పేరు లేదు. ఒక్కదాని మీద మాత్రం మధ్యలో తెగి ‘బార్బి’ అని మిగిలింది. మా పాప అది బార్బీ బొమ్మ మాత్ర అని నవ్వి, ఆ రేకు ముక్కని పెన్సిల్ డబ్బాలో దాచుకుంది. అనుమానం రావాల్సింది నాకు. రాలేదు.

ఇరవై రోజులకు మాత్రలు అయిపోయాయి. మూడో రాత్రి రెండున్నరకి హాల్లో టకటకమని చప్పుడు. లైటేసి చూస్తే మా కుక్క చిన్నూ పక్కకి పడిపోయి ఉన్నాడు. మెడ వెనక్కి విరుచుకుపోయి, నాలుగు కాళ్లూ ఈత కొడుతున్నట్టు ఆడుతున్నాయి. ఆ చప్పుడు పళ్లది. నోటి నిండా నురగ, కింద టైల్స్ మీద ఉచ్చ. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ చూపు లేదు. నాలుక మింగేస్తాడేమోనని నేను పళ్ల మధ్య స్టీలు గరిటె పెట్టబోయాను. వేలు చీరుకుపోయింది. తర్వాత కుక్క కాటు సూదికి పెద్దాసుపత్రికి నాలుగుసార్లు తిరిగాను. కుక్కలు నాలుక మింగవు, ఆ భయమే తప్పట. పక్కింటి పెద్దమ్మ తాళాల గుత్తి తెచ్చి “ఇనుము పట్టించు నాయనా” అంది. దానివల్ల ఒరిగేదేమీ లేదు గానీ, కనీసం ఆమెని కుక్క కరవలేదు.

మా ఆవిడ తీసిన వీడియోలో అది రెండు నిమిషాల పది సెకన్లే ఉంది. పది నిమిషాలైందని నేను ఒట్టేసి చెప్పేవాణ్ణి. అందుకే గడియారం చూడమంటారు. ఆగాక లేచి గోడకి గుద్దుకుంటూ ఇల్లంతా తిరిగాడు, నన్ను గుర్తుపట్టలేదు, గిన్నె కనబడితే ఆబగా నాకాడు. తెల్లారేలోపు ఇంకో రెండుసార్లు అలాగే ఫిట్స్ వచ్చాయి.

పశువుల డాక్టరు ఇంజెక్షన్ చేసి, ఏమైనా మందులు ఆపారా అని అడిగారు. బలం మాత్రలు అయిపోయాయి అన్నాను. పాప పెన్సిల్ డబ్బా తెప్పించి రేకు చూపిస్తే ఆయన ఒక్క క్షణంలో చెప్పేశారు: ఫినోబార్బిటోన్, ఫిట్స్ మాత్ర. రోజూ వాడేది ఒక్కసారిగా ఆపేస్తే ఆపినందుకే ఫిట్స్ విరుచుకుపడతాయి. దాని వల్ల మత్తుగా పడుకోవడం, విపరీతమైన ఆకలి, దాహం కూడా ఉంటాయట. అంటే మేం ముచ్చటపడి డబ్బులిచ్చిన నెమ్మది, ఏది పెట్టినా తినడం, రెండూ మాత్ర చలవే.

అమ్మినతనికి ఫోన్ చేస్తే “పాత ఓనర్ ఇచ్చిందే మీకిచ్చా అన్నా, నాకేం తెలుసు” అన్నాడు. తెలియనివాడు నలభై మాత్రలు పేరు కనబడకుండా కత్తెరతో కూర్చుని కత్తిరిస్తాడా? తర్వాత నన్ను బ్లాక్ చేశాడు. బిల్లు లేదు, చీటీ లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకుందామన్నా చేతిలో కాగితం ఉండాలి కదా.

ఫిట్స్‌కీ ఫిట్స్‌కీ మధ్య కుక్క మామూలుగానే ఉంటుంది. చూసి కనిపెట్టడం డాక్టరు వల్ల కూడా కాదు. అందుకే ఇన్నాళ్లూ చూసిన డాక్టరు ఎవరో అడిగి, ఆయనకే ఫోన్ చేయండి. ‘దీనికి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా’ అని వాట్సాప్‌లో అడిగి, జవాబు అక్కడే తీసుకోండి. నోటి మాటగా ‘అబ్బే’ అన్నవాడు రాయమంటే నసుగుతాడు, అదే మీకు జవాబు. పేరులేని మాత్ర ఇస్తే మందుల షాపులో కాదు, డాక్టరుకి చూపించండి. చిన్న కూనల సంగతి వేరు. ముక్కు కారుతూ, కళ్లు పుసి కట్టి, ఏదో నములుతున్నట్టు దవడ ఆడిస్తుంటే అది డిస్టెంపర్ అనే ప్రమాదకరమైన వైరస్ జబ్బు కావచ్చు, టీకా పుస్తకంలో స్టాంపు ఉందని మురిసిపోకండి. ఎనిమిది వారాలు నిండని కూనని అమ్మడమే 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం తప్పు.

ఇప్పటికే ఇంట్లో ఇలాంటి కుక్క ఉంటే, ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో చెయ్యి పెట్టకండి. మెట్లు, మంచం కోళ్లకి దూరంగా జరిపి, టీవీ, లైటు ఆపేసి, టైము చూసుకుంటూ వీడియో తీయండి. డాక్టరుకి మన వర్ణన కంటే అదే పనికొస్తుంది. ఒళ్లు కాలిపోతుంటే పొట్టకీ పాదాలకీ తడిగుడ్డ అద్దండి, ఫ్యాను వేయండి. పూర్తిగా తెలివొచ్చేదాకా నీళ్లు కూడా పోయకండి. 5 నిమిషాలు దాటినా, 24 గంటల్లో రెండోది వచ్చినా, అర్ధరాత్రయినా డాక్టరుని లేపాల్సిందే.

మా చిన్నూకి ఇప్పుడు డాక్టరు మళ్లీ అవే మాత్రలు బరువు చూసి రాశారు. పొద్దున ఏడు, రాత్రి ఏడు, అలారం పెట్టుకున్నాం. మందు ఒంట్లో కుదురుకోవడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి మధ్యలో ఒకసారి వచ్చినా పనిచేయట్లేదని మానేయకూడదు. ఆరు నెలలకోసారి లివర్ పరీక్ష. గోమార్లకు పెట్‌షాపులో మాత్ర అడిగితే అబ్బాయి ఫ్లురలానెర్ చేతిలో పెట్టాడు. ఆ రకం మందులతో కొన్ని కుక్కలకు ఫిట్స్ రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. మీ కుక్కకి ఫిట్స్ ఉన్నాయా అని ఆ అబ్బాయి అడగడు, మనమే చెప్పాలి.

తిరిగిచ్చేయమన్నారు చాలామంది. ఎవరికి? మళ్లీ నలభై మాత్రల పొట్లంతో ఇంకొకరికి అంటగట్టడానికా?

నన్ను బ్లాక్ చేశాడు గానీ మా ఆఫీసు కుర్రాడి ఫోన్లో అతని స్టేటస్ కనబడుతూనే ఉంది. మొన్న ఆదివారం ఆడ లాబ్రడార్, రెండేళ్లది, 11,000. కింద రాసింది: చాలా నెమ్మది, ఏది పెట్టినా తింటుంది.