ఎక్స్‌1 పెట్రోలా, డీజిలా? కాలువ గట్ల మీద తిరిగేవాడి మాట

మాది అంబాజీపేట, కొబ్బరి వ్యాపారం. నాది బీఎండబ్ల్యూ ఎక్స్‌1 పెట్రోలు, తాడేపల్లిగూడెంలో ఉండే మా బావగారిది అదే బండి, డీజిల్. పండక్కి రెండూ వాకిట్లో ఆగాయంటే ఏది మంచిదన్న పంచాయితీ తప్పదు.

కాగితం మీద చూస్తే డీజిల్‌దే పైచేయి. 2023 జనవరిలో ఈ మోడల్ మన దేశంలోకి వచ్చినప్పుడు పెట్రోలుకి 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజన్ ఇచ్చారు. పవర్ 136 హెచ్‌పీ, టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 230 ఎన్‌ఎం. డీజిల్‌ది 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, 150 హెచ్‌పీ, 360 ఎన్‌ఎం. గేర్‌బాక్స్ రెండింటికీ ఏడు గేర్ల ఆటోమేటిక్కే. "అంత డబ్బు పోసి మూడు సిలిండర్లేంటి బావా!" అని ఆయన ఇప్పటికీ ఏడిపిస్తారు.

ఆ టార్క్ తేడా చించినాడ వంతెన ఎక్కేటప్పుడు తెలుస్తుంది. ముందు కొబ్బరికాయల లారీ మూలుగుతూ పోతుంటుంది. డీజిల్‌లో కాలు కాస్త ఆనిస్తే చాలు, చడీచప్పుడు లేకుండా దాటేస్తుంది. నా బండి గేర్లు దించుకుని, గొంతు పెంచి, అప్పుడు లాగుతుంది. దాటుతుంది, కాకపోతే ఊరందరికీ చెప్పి దాటుతుంది.

మరి నేను పెట్రోలే ఎందుకు తీసుకున్నానంటే, నా తిరుగుడు అలాంటిది. ఇంటి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి తోటలకి, అంతా గట్ల మీదే. ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఇద్దరిలో ఒకరు రివర్స్ తీయాలి. ఇలా నిమ్మళంగా, కొద్దికొద్ది దూరాలు తిరిగితే ఇప్పటి డీజిల్ బళ్లకి పడదు. సైలెన్సర్ లైనులో డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది, పొగలోని మసి అందులో చేరుతుంది. ఆ మసి కాలిపోవాలంటే ఇంజన్ బాగా వేడెక్కి, బండి కాసేపు ఆగకుండా స్పీడుగా పోవాలి. నా పాత డీజిల్ బండికి, కంపెనీ పేరెందుకులెండి, ఆ ఫిల్టర్ మసితో నిండిందని చెప్పే లైటు ఊరికే వెలిగేది. దాన్ని ఆర్పడానికి పనేం లేకపోయినా రావులపాలెంలో హైవే ఎక్కి, సిద్ధాంతం దాటి, తణుకు దాకా వెళ్లొచ్చేవాణ్ణి. బండికి గాలి మార్పు కావాలట అని మా ఆవిడ నవ్వేది. బావగారికి ఆ టెన్షన్ లేదు, వారంలో సగం రోజులు విజయవాడ హైవే మీదే ఉంటారు.

ఇక డబ్బు సంగతి. కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకి పెట్రోలు 16.35 కిలోమీటర్లు, డీజిల్ 20.37. మన బంకుల్లో అటూఇటూగా పెట్రోలు 110, డీజిల్ 97 అనుకుంటే వంద కిలోమీటర్లకి డీజిల్ రెండొందలు మిగులుస్తుంది. కానీ వచ్చిన కొత్తలో రెండింటికీ షోరూం ధరలోనే 2 లక్షల తేడా, 45.9, 47.9 లక్షలు. అంటే లక్ష కిలోమీటర్లు తిరిగితే గానీ ఆ తేడా రాదు. యానాం బంకు దగ్గరున్నవాళ్లు ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి, అక్కడ రెండూ చవకే.

ఆడి క్యూ3 కూడా చూశాను. 2020లో బళ్ల పొగ మీద బీఎస్-6 నిబంధన వచ్చాక వాళ్లు ఇక్కడ డీజిల్ మానేశారు. పెట్రోలు మాత్రం 2 లీటర్లు, 190 హెచ్‌పీ, నాలుగు చక్రాలకీ పవర్. ఇంజన్ ఒక్కటే చూసుకునేవాళ్లయితే నా దాని జోలికి రాకుండా అదే కొనుక్కోండి. బెంజ్ జీఎల్‌ఏలో డీజిల్ 220డీకీ నాలుగు చక్రాల పవర్ ఉంది.

మా రెండు ఎక్స్‌1లకీ పవర్ ముందు చక్రాలకే. వానాకాలంలో గట్టు దిగి తోటలోకి వెళ్లాలంటే పెట్రోలైనా డీజిలైనా ఒకటే, జిగురు మట్టిలో తిరిగిన చక్రం తిరిగినట్టే ఉంటుంది. ఆ పనికి నేనూ బావగారూ మా పాత బొలెరోయే తీస్తాం.