ఎర్రకోటు సిపాయిల వెంట గంజాం జిల్లాలో

పాత సిపాయి బొమ్మలు సేకరించేవాళ్ళు ఒడిశాలోని బరంపురం వైపు వెళ్తే ముందు పోతగడ కోట చూడండి, గోపాలపురం బీచ్ తరువాత చూసుకోవచ్చు. బరంపురం నుంచి ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్లు వెళ్తే గంజాం ఊరి దగ్గర, ఋషికుల్య ఒడ్డున ఉంది. 1768లో ఇంగ్లీషు అధికారి ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ కట్టించిన నక్షత్రాకారపు కోట. 1815లో విషజ్వరాలు రావడంతో తెల్లవాళ్ళు ఇక్కడి నుంచి మకాం ఎత్తేశారు. ఇప్పుడు మిగిలినవి గోడలు, తుప్పలు. గైడ్ గానీ, వివరాల బోర్డు గానీ నాకు కనబడలేదు. మంచినీళ్ళు వెంట తీసుకెళ్ళాలి. బరంపురంలో ఆటో మాట్లాడుకుంటే రానూ పోనూ కలిపి బేరమాడండి, తిరుగు బండి కోసం హైవే మీద నిలబడటం టెన్షన్.

అయినా నాకు ఈ యాత్రలో అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే. నా అలమరలో ప్రాణంగా చూసుకునే బొమ్మలు ఒకటో మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీవి, అంటే బ్రిటిష్‌వాళ్ళ మద్రాసు సైన్యంలోని దేశీ కాల్బలానివి. చేసింది లండన్‌లోని బ్రిటన్స్ కంపెనీ. 1893లో వాళ్ళు కొత్త పద్ధతి తెచ్చారు: కరిగిన సీసం అచ్చులో పోసి, పైపొర గట్టిపడగానే లోపల ఇంకా కరిగి ఉన్న సీసాన్ని బయటికి వంపేస్తారు. బొమ్మ బోలుగా, తేలిగ్గా వస్తుంది, ఖర్చూ తక్కువ. అంతకుముందు బజారంతా జర్మన్ బొమ్మలదే. అందరూ తగరం సిపాయిలు అంటారు గానీ బ్రిటన్స్ వాటిలో ఎక్కువ భాగం సీసమే. ఎత్తు 54 మిల్లీమీటర్లు. కాల్బలం పెట్టెలో మామూలుగా ఎనిమిది మంది, గుర్రపుదళం పెట్టెలో ఐదుగురు ఉంటారు.

నన్ను కదిలించేది ఆ రెజిమెంట్ల చరిత్ర. మద్రాసు సైన్యంలో ఉత్తర సర్కారుల నుంచి (ఈ గంజాం కూడా అందులోదే) చేరిన తెలుగువాళ్ళు చాలామంది. 1880లలో మద్రాసు సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్, దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారన్న వాదాన్ని బలంగా ముందుకు తెచ్చాడు. ఆ శతాబ్దం చివరికల్లా తెలుగువాళ్ళను చేర్చుకోవడం బాగా తగ్గిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే లండన్ పిల్లలు మద్రాసు సిపాయిలను పెట్టెల్లో కొనుక్కుని ఆడుకున్నారు. మనవాళ్ళను బారకాసుల్లోంచి తప్పిస్తున్నప్పుడే దుకాణాల అద్దాల వెనక నిలబెట్టారు. పోతగడ గోడ పక్కన నిలబడి ఈ సంగతి తలుచుకుంటే నాకు నిజంగా బాధేసింది.

1903లో బ్రిటిష్ ఇండియా సేనాధిపతి కిచనర్ సంస్కరణలతో మద్రాసు కాల్బలం నెంబర్లకు 60 కలిపారు, ఒకటోది 61వ పయనీర్స్ అయింది. గుర్రపుదళమైన మూడో మద్రాసు లాన్సర్స్ 28వ లైట్ కావల్రీగా మారింది. పెట్టె మీది పేరు చదివేటప్పుడు ఈ లెక్క తెలిసి ఉండటం చాలా అవసరం.

భంజనగర్ బరంపురానికి దాదాపు 80 కిలోమీటర్లు. ఆస్కా మీదుగా బస్సులున్నాయి, కూర్చోవడానికి చోటు దొరికితే అదృష్టమే. దీని పాత పేరు రస్సెల్‌కొండ, 1835-37 ఘుంసుర్ యుద్ధానికి వచ్చిన జార్జ్ రస్సెల్ పేరు మీద పెట్టింది. మద్రాసు సిపాయిలు ఈ కొండల్లోనే ఇక్కడి గిరిజనులైన కోందుల మీద పోరాడారు. ఊళ్ళు తగలబెట్టారు, అడవి జ్వరాలకు తామూ రాలిపోయారు. బొమ్మల మీద ఎంత ప్రేమ ఉన్నా ఈ కథను ఎర్రకోటు వైపు నుంచే చెప్పుకోలేం. ఊరి జలాశయం దగ్గర సాయంత్రం బాగుంటుంది. బస మాత్రం బాగాలేదు. ఫోన్లో ఖాయం చేసుకున్న గది ఒక లాడ్జివాళ్ళు పెళ్ళివాళ్ళకు ఇచ్చేశారు. పొద్దున్నే వెళ్ళి రాత్రికి బరంపురం చేరుకోవడమే మేలు.

బరంపురంలో స్టేషన్ దగ్గర మామూలు లాడ్జిలు చాలు. తెలుగు మాట్లాడితే సగం పని అవుతుంది. పొద్దున ఉప్మా, గుగ్ని (బఠాణీ కూర) తప్పక తినండి. పాత సామాన్ల కొట్లలో సీసం బొమ్మలు దొరకడం అరుదు. రంగులన్నీ పోయిన ఒక సిపాయి కనిపిస్తే ధర అడిగాను. "బేరం ఎందుకు బాబూ, రాగి చెంబు కొంటున్నారు కదా, ఇదీ పట్టుకెళ్ళండి" అన్నాడు కొట్టు పెద్దాయన. కింది దిమ్మె మీద బ్రిటన్స్ కంపెనీ అక్షరాలున్నాయి, చదరపు దిమ్మె. కోడిగుడ్డు ఆకారపు దిమ్మెలు అంతకంటే పాతవి. దానికి మళ్ళీ రంగు వేయించను. కాలర్ అంచున మిగిలిన కాస్త రంగే రెజిమెంట్‌ను పట్టించే ఆధారం, కొత్త రంగు పడితే అదీ పోతుంది.

రాత్రి బసకు నా ఓటు గోపాలపురానికే. బరంపురం నుంచి 16 కిలోమీటర్ల దూరం, సముద్రం ఎదుటే గదులు, చేపల కూర అద్భుతం. కానీ కొన్న బొమ్మలను ఆ గాలిలో బయట పెట్టకండి. చెక్కపెట్టెలో అసలే వద్దు, చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది. మెత్తటి కాగితంలో చుట్టి, సిలికా జెల్ పొట్లం వేసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. పట్టుకున్నాక చేతులు కడుక్కోండి, పిల్లల చేతికి ఇవ్వకండి. వెళ్ళడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి మంచిది. అక్టోబరులో తుఫాన్ల భయం, ఏప్రిల్ దాటితే పోతగడలో నీడ దొరకదు.