అమ్మతో ఇటలీ పాత ఊళ్లు: ఎనిమిది రోజుల కోచ్ టూర్

సెప్టెంబర్ చివర్లో అమ్మను తీసుకుని ఇటలీ వెళ్లొచ్చాను. అమ్మకు 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. సూట్‌కేసులు మోసుకుంటూ రైళ్లు మారడం మా వల్ల కాదనిపించి, గైడ్ తోడుండే ఎనిమిది రోజుల కోచ్ టూర్ తీసుకున్నాం. రోమ్‌లో ఎక్కి ఒర్వియేతో, అస్సీసీ, సియెనా, సాన్ జిమిన్యానో, పీసా, లుక్కా చూసుకుని ఫ్లోరెన్స్‌లో దిగాం.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది, బస్సు ఊళ్లోకి వెళ్లదు. ఈ ఊళ్లలో చాలావరకు కొండల మీద, కోటగోడల మధ్య కట్టినవి. పాత ఊరి నడిబొడ్డుకు బయటి వాహనాలు రాకుండా ఆంక్షలున్నాయి. కోచ్ గోడ బయట పార్కింగ్‌లో ఆగిపోతుంది, అక్కణ్నుంచి నడకే. కోచ్ టూర్ కదా, నడక పెద్దగా ఉండదనుకున్నాను. రోజూ ఆరేడు కిలోమీటర్లు నడిచాం, అదీ రాళ్లు పరిచిన ఎత్తుపల్లాల వీధుల్లో. బుక్ చేసేముందే ఒక్కో ఊళ్లో బస్సు ఎక్కడ ఆపుతారో, పైకి ఎస్కలేటర్ ఏమైనా ఉందో అడిగి రాయించుకోండి.

ఒర్వియేతోలో ఆ ఇబ్బంది లేదు. కింద రైల్వే స్టేషన్ దగ్గర్నుంచి కొండపైకి తాడుతో లాగే చిన్న రైలుంది. అది దిగిన చోటే సాన్ పత్రిత్సియో బావి. 1527లో రోమ్‌ను సైన్యాలు దోచుకున్నప్పుడు పోప్ ఏడో క్లెమెంట్ ఈ ఊరికి వచ్చి తలదాచుకున్నాడు. ముట్టడి జరిగితే నీళ్లకు కరువొస్తుందని ఈ బావి తవ్వించాడు. లోతు 53 మీటర్లు, మెట్లు 248. దిగడానికి ఒక దారి, ఎక్కడానికి ఇంకో దారి, రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుంటూ వెళ్తాయి కానీ ఎక్కడా కలవవు. నీళ్లు మోసే కంచరగాడిదలు ఎదురెదురు పడకూడదని అలా కట్టారు.

దిగుడు బావి అనగానే అమ్మకు వాళ్ల అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. "నేనూ దిగుతానే, బావి దాకా వచ్చి చూడకుండా ఎలా?" అంది. మెట్లు వెడల్పుగా, తక్కువ ఎత్తులో ఉన్నాయి. చెయ్యి పట్టుకుని, బావిలోకి తెరుచుకునే మొదటి రెండు మూడు కిటికీల దాకా తీసుకెళ్లి, అక్కడ నిలబెట్టి నేను కిందికి దిగాను. అడుగున చిన్న వంతెన. దాని మీద నిలబడి తలెత్తితే, గుండ్రంగా పేర్చిన కిటికీల్లో పైనెక్కడో అమ్మ శాలువా ఊపుతోంది. చల్లటి తడి గాలి, పైన నాణెమంత ఆకాశం. ఈ యాత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే. మా కోసం గైడ్ గుంపును ఇరవై నిమిషాలు ఆపింది, ఆమెకు ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే.

అస్సీసీలో బస మాత్రం బాధపెట్టింది. ప్రోగ్రామ్‌లో 'అస్సీసీ హోటల్' అని రాసి, ఊరికి దూరంగా హైవే పక్కన దింపారు. లిఫ్ట్ పనిచేయడం లేదు, మాకిచ్చింది రెండో అంతస్తు. టూర్ కంపెనీకి ఫిర్యాదు చేశాక గది మార్చారు కానీ, అప్పటికే అమ్మ మెట్లెక్కి అలిసిపోయింది. సెయింట్ ఫ్రాన్సిస్ బసిలికా (పెద్ద చర్చి) చూశాక ఆ విసుగు పోయింది. 1997 భూకంపంలో పైకప్పు కొంత కూలి నలుగురు చనిపోయారు, కుడ్యచిత్రాలు వేల ముక్కలయ్యాయి. వాటిని ఏరి, ఓపిగ్గా మళ్లీ అతికించారు. అతకని చోట్లు ఖాళీగానే కనిపిస్తాయి.

తర్వాతి మూడు రాత్రులు మోంతెకతీని తెర్మేలో. వేడినీటి స్నానాలకు పేరున్న ఊరు, గ్రూపులను ఎక్కువగా ఇక్కడే దింపుతారు. నేల చదును, పెద్ద పార్కు, చక్కటి గదులు. పెద్దవాళ్లకు హాయి. కానీ సియెనాలోనో లుక్కాలోనో సాయంత్రాలు గడపాలనుకునేవాళ్లకు ఇది నిరాశే. హోటల్ బసపై ఊరికి కట్టే సిటీ ట్యాక్స్ టూర్ ధరలో కలవలేదు, హోటల్‌లోనే విడిగా కట్టించుకున్నారు.

శాకాహారులకు ఒక మాట. పార్మిజానో చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, పట్టింపు ఉంటే అది వేయొద్దని ముందే చెప్పాలి. సియెనా, లుక్కా ఉన్న తోస్కానా ప్రాంతపు రొట్టెలో ఉప్పుండదు. బీన్స్, ఆకుకూర, పాత రొట్టె వేసి ఉడికించే రిబొల్లీతాలో అమ్మ మన కారప్పొడి చల్లుకుని రెండు గిన్నెలు తింది.

సియెనాకు మూడు గంటలిచ్చారు. ఊరి నడిబొడ్డు మైదానం పియాత్సా దెల్ కాంపో గవ్వలా వాలుగా ఉంటుంది. ఏటా జూలై 2న, ఆగస్టు 16న గుర్రప్పందేలు జరిగేది ఇక్కడే. ఆ ఇటుకల మీద కూర్చుంటే లేవబుద్ధి కాదు. కథీడ్రల్‌ను ఇంకా పెద్దది చేయబోయి, 1348లో ప్లేగు వచ్చాక వదిలేశారు. ఆ మొండిగోడ ఇప్పటికీ నిలబడే ఉంది. లోపల పాలరాతి చిత్రాల నేలను ఏడాదిలో ఎక్కువ రోజులు కప్పి ఉంచుతారు, మేము వెళ్లినప్పుడు తెరిచి ఉంది. ఇయర్‌ఫోన్‌లో లోకల్ గైడ్ గొంతు స్పష్టంగా వినిపిస్తుంటే అమ్మ వెనకబడినా కంగారు పడలేదు. చీకటి పడేదాకా ఉందామంటే డ్రైవర్ పని గంటలు అయిపోతాయన్నారు. యూరప్‌లో ఆ నిబంధనలు కఠినం, మన ప్రాణాలకూ మంచిదే. కానీ సాన్ జిమిన్యానోకు గంటంపావే ఇవ్వడం మాత్రం అన్యాయం. ఒకప్పటి 72 బురుజుల్లో మిగిలిన 14 కింద మెడ పైకెత్తి నడిచేసరికే బస్సు టైమైపోయింది. పీసాకు కేటాయించిన సగం రోజులో గంట తగ్గించి ఇక్కడ ఇవ్వాల్సింది.

ఆఖర్న లుక్కా. ఊరి చుట్టూ నాలుగు కిలోమీటర్ల పైచిలుకు గోడ. దాని మీద వెడల్పాటి దారి, చెట్ల నీడ. ఎక్కడా మెట్ల బెడద లేదు. అమ్మ చెయ్యి పట్టుకోకుండా నడిచింది ఇక్కడే. బెంచీ మీద కూర్చుని కింద పెరళ్లలో ఆరేసిన బట్టలు చూస్తూ, "ఈ ఊళ్లో ఓ రాత్రి ఉండకూడదటే?" అని అడిగింది. నాలుగున్నరకు బస్సు. లేవదీసి తీసుకొచ్చేశాను.