వేడి ఇంజన్‌లో ఐడిల్ తగ్గడం లేదా? వాల్వు కొనే ముందు గాలి ఎక్కడి నుంచి చొరబడుతోందో చూపించమనండి

పాత ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు కారు కొనబోతున్నవారికి, అలాంటి కారుకు విడిభాగాలు కొనవలసి వచ్చినవారికి ఈ హెచ్చరిక. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కూడా ఐడిల్ (పెడల్ నొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) దిగకపోతే, కారణం వెతకకుండానే ఖరీదైన భాగాలు ఒకదాని తర్వాత ఒకటి మార్చే వర్క్‌షాపులు ఉన్నాయి. నాకు ఎదురైంది అలాంటిదే. ఇంజన్ 1500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర నిలిచిపోతోందని కారు అప్పగిస్తే, మొదట ఐడిల్ కంట్రోల్ వాల్వు (పెడల్ వదిలినప్పుడు ఇంజన్‌కు వెళ్లే గాలిని సర్దేది), ఆ తర్వాత థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ (థ్రాటిల్ ప్లేటు ఎంత తెరుచుకుందో చెప్పేది) మార్చారు. రెండింటివల్లా తేడా రాకపోవడంతో ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) పోయిందన్నారు. దానికి నేను అంగీకరించకపోయేసరికి, థ్రాటిల్ ప్లేటుకు (పెడల్ నొక్కితే తెరుచుకుని గాలిని లోపలికి వదిలే రేకు) ఆనుడుగా ఉండే స్క్రూను వెనక్కి తిప్పి, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను కదిపి ఇగ్నిషన్ టైమింగ్‌ను (నిప్పురవ్వ పడే సమయాన్ని) వెనక్కి జరిపి, అలా ఆర్‌పీఎం తగ్గించి, బాగుచేశామంటూ బిల్లు చేతికిచ్చారు. వేరొక మెకానిక్ ఇన్‌టేక్‌లోకి (ఇంజన్‌కు గాలి వెళ్లే దారిలోకి) పొగ పంపి చూస్తే, మానిఫోల్డ్ (సిలిండర్లకు ఆ గాలిని పంచే గొట్టాల కూర్పు) అడుగున చిట్లిన రబ్బరు గొట్టం నుంచి పొగ బయటికి వచ్చింది. అసలు లోపం అదొక్కటే.

ఇలాంటి ఇంజన్‌లో ఐడిల్ వేగాన్ని ప్రధానంగా నిర్ణయించేది లోపలికి వెళ్లే గాలి. మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉన్న కారులో ఎక్కడైనా గాలి చొరబడితే పీడనం పెరుగుతుంది, దానికి తగినట్టు ఈసీయూ పెట్రోలు కూడా పెంచుతుంది, ఇంజన్ వేగం అందుకుంటుంది. గాలి పరిమాణాన్నే కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న కారులో ఈ దొంగగాలి లెక్కలోకి రాదు కాబట్టి గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం పలచబడి ఇంజన్ వణకడం కూడా కనిపించవచ్చు. ఏ రకమైనా ఐడిల్ కంట్రోల్ వాల్వు తన దారిని మూసుకుంటూ పోయి, పూర్తిగా మూసుకున్నాక ఇక చేయగలిగింది ఉండదు. అందుకే ఆ స్థితిలో కొత్త వాల్వు బిగించినా ఫలితం శూన్యం. వేగం దానంతటదే లేస్తూ పడుతూ ఉండటాన్ని చూసి ఈసీయూను అనుమానించేవారు చాలామంది. కానీ పెడల్ వదిలి ఉన్నా వేగం ఎక్కువగా ఉంటే పెట్రోలు ఆపమని, వేగం పడిపోగానే మళ్లీ ఇవ్వమని ఈసీయూలోనే ఏర్పాటు ఉంటుంది. అదనపు గాలి వస్తున్నప్పుడు ఆ ఏర్పాటు పదే పదే పనిచేయడం వల్లనే చాలాసార్లు ఈ ఊగిసలాట కలుగుతుంది.

చల్లని ఇంజన్ మొదట్లో 1200 నుంచి 1500 వరకు తిరగడం సహజమే. వేడెక్కాక, ఏసీ, లైట్లు ఆపి ఉన్నప్పుడు, నాలుగు సిలిండర్ల ఇంజన్లలో చాలావరకు 650 నుంచి 900 మధ్యకు దిగాలి. మీ కారుకు సరైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

పరీక్షలో మొదట యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుందేమో చూడాలి. తర్వాత, మ్యాప్ సెన్సర్ ఉన్న కార్లలో, గాలి గొట్టం విప్పి థ్రాటిల్ బాడీలోని (ఆ ప్లేటు ఉండే భాగంలోని) ఐడిల్ గాలి రంధ్రాన్ని వేలితో మూయాలి (గుడ్డముక్క వాడకూడదు, ఇంజన్ లోపలికి లాగేస్తుంది). వేగం పడిపోతే గాలి వాల్వు దారిలోనే వస్తోందని అర్థం. అప్పుడు వాల్వు మసిపట్టి ఇరుక్కుందా, లేక ఈసీయూయే దాన్ని తెరిచి ఉంచిందా అని తేల్చుకోవాలి. ఇంజన్ కాలిపోతున్నా స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత 20 డిగ్రీలే చూపిస్తుంటే, లోపం కూలెంట్ సెన్సర్‌లోనో దాని వైరింగ్‌లోనో ఉంది. కొన్ని పాత కార్లలో కూలెంట్ వేడికి మూసుకునే మైనం వాల్వు ఉంటుంది. కూలెంట్ తక్కువైనా, అందులో గాలి చిక్కుకున్నా అది తెరుచుకునే ఉండిపోతుంది. కూలెంట్ నింపి, గాలి తీసేస్తే చాలు, ఏ భాగమూ కొనక్కర్లేదు.

రంధ్రం మూసినా వేగం దిగకపోతే గాలి వేరే దారిన వస్తోంది. బ్రేకుకు బలమిచ్చే బూస్టర్ గొట్టాన్ని, ఇంజన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ గొట్టాన్ని, సన్నని వాక్యూమ్ గొట్టాలను ఒక్కొక్కటిగా మూసి చూడాలి. పెళుసెక్కిన రబ్బరు నొక్కితే పగులుతుంది కాబట్టి, గొట్టం ఊడదీసి మానిఫోల్డ్ వైపు కొనకు మూత పెట్టడమే మేలు. ఆ తర్వాత మానిఫోల్డ్ గ్యాస్కెట్, ఇంజెక్టర్ల రబ్బరు రింగులు. వేడి ఎగ్జాస్ట్ పక్కన కార్బొరేటర్ క్లీనర్ చల్లి వెతికే పద్ధతి నిప్పుతో చెలగాటం. దాన్ని ఎవరు మొదలుపెట్టినా ఆపించండి, పొగ పరీక్ష అడగండి.

స్క్రూ తిప్పడం వల్ల కలిగే నష్టం వెంటనే కనిపించదు, నన్ను అన్నిటికంటే బాధించినది అదే. ప్లేటు కొద్దిపాటి సందుతో ఆగేలా కర్మాగారంలో ఆ స్క్రూను అమర్చి, చాలాసార్లు రంగుతో గుర్తు పెడతారు. వెనక్కి తిప్పితే ప్లేటు అంచు గోడకు ఒరుసుకుని ఇరుక్కుంటుంది. పెడల్ మొదట మొరాయించి, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. వాహనాల మధ్య నెమ్మదిగా కదిలేటప్పుడు ఇది ప్రమాదకరం. గొట్టం మార్చాక నా కారు ఆగిన ప్రతిచోటా ఇంజన్ ఆరిపోసాగింది, ఎందుకంటే ఉండవలసిన గాలి కూడా అందడం లేదు. టైమింగ్ వెనక్కి జరపడంతో మైలేజీ తగ్గి, ఇంజన్ వేడి పెరిగింది. స్క్రూను, థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ వోల్టేజీని మాన్యువల్ ప్రకారం, టైమింగ్‌ను టైమింగ్ లైట్‌తో మళ్లీ సరిచేయించవలసి వచ్చింది.

కారు కొనేవారు ఆ స్క్రూ మీది రంగు చెదిరిందేమో చూడండి. మీరు వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంటే, చల్లారాక మళ్లీ వచ్చి మీ ముందే స్టార్ట్ చేయించండి. మరమ్మతుకు ఇచ్చేవారు ఏ పరీక్షలో ఏం తేలిందో బిల్లులో రాయమనండి, తీసేసిన పాత భాగాలను తప్పకుండా వెనక్కి అడగండి. నాకు ఆ పాత వాల్వు తిరిగి దొరకలేదు, దొరికి ఉంటే దాన్నే తిరిగి బిగించి, కొత్తదాని సొమ్ము వెనక్కి అడిగేదాన్ని.