ఉచితంగా కోడ్ ఉంచుకోనిచ్చే సైట్లతో జాగ్రత్త: శ్రీకాకుళం నుంచి ఒక హెచ్చరిక

నలుగురు కలిసి సాఫ్ట్‌వేర్ రాస్తూ, ఆ కోడ్‌ను ఏదో ఒక ఉచిత సైట్లో ఉంచాలని చూస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఎచ్చెర్ల, టెక్కలి, విజయనగరం కాలేజీల్లో చివరి ఏడాది ప్రాజెక్టు మొదలుపెడుతున్న విద్యార్థులు తప్పక చదవండి. ఖాతా ఎంత సులువుగా తెరుచుకుంటుందో చూసి సైటును ఎంచుకోకండి. రేపు అక్కడి నుంచి మీ సామగ్రి మొత్తం వెనక్కి తెచ్చుకోగలరా అన్నది ముందు చూడండి.

మేము కొందరు మిత్రులం పలాస చుట్టుపక్కల ఉన్న చిన్న జీడి పరిశ్రమల కోసం తెలుగులో లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. పిక్కల కొనుగోలు, తరుగు, ఒలిచిన పప్పు బరువును బట్టి కూలి, గుండు, బద్ద నిల్వలు అన్నీ అందులోనే చూసుకోవచ్చు. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోవడం లేదు. మాలో కొందరం శ్రీకాకుళంలో, ఒకరు కాశీబుగ్గలో, మిగిలినవారు విశాఖలో, హైదరాబాదులో ఉన్నాం కాబట్టి కోడ్ అందరికీ అందేచోట ఉండాలి. సభ్యులు ఎందరైనా ఉండవచ్చని, ప్రైవేటు ప్రాజెక్టులు ఎప్పటికీ ఉచితమని ప్రకటించిన ఒక చిన్న సంస్థ సైట్లో పెట్టాం. దాని పేరు రాయడం లేదు. ఇలా చేసేది ఆ ఒక్క సంస్థే కాదు.

కొంతకాలం బాగానే నడిచింది. తరువాత ఆ సంస్థ షరతులు మార్చింది. ఉచిత ప్రాజెక్టులో ముగ్గురికి మించి ఉండకూడదు, మిగిలిన ప్రతి సభ్యుడికీ నెలనెలా డాలర్లలో రుసుము కట్టాలి, వారంలోగా తేల్చుకోవాలి అని ఒక మెయిల్ వచ్చింది. అది కూడా ఖాతా తెరిచిన మిత్రుడికి మాత్రమే. గడువు దాటగానే ప్రాజెక్టుకు తాళం పడింది. మొదట మార్పులు చేయనివ్వలేదు, ఆ తరువాత చదవనివ్వలేదు కూడా. సహాయ విభాగానికి రాసిన ప్రతి ఉత్తరానికీ యంత్రం పంపే ఒకే జవాబు తిరిగి వచ్చింది.

కోడ్ మాత్రం పోలేదు. కోడ్‌లో చేసిన మార్పులన్నిటినీ నమోదు చేసే గిట్ అనే సాధనంతో పనిచేసే ప్రతి ఒక్కరి కంప్యూటర్లోనూ మార్పుల చరిత్రతో సహా పూర్తి ప్రతి ఉంటుంది. పోయిందల్లా కోడ్ చుట్టూ పెరిగిన పని. ఇది చాలామందికి తెలియదు, అందుకే నొక్కి చెబుతున్నాను. తప్పుల మీద, కొత్త అవసరాల మీద నడిచిన చర్చలన్నీ, అంటే ఇష్యూలు, వాటికి జతచేసిన ఫొటోలు, విడుదల చేసిన ఫైళ్లు, ఒకరి మార్పును మరొకరు పరిశీలిస్తూ రాసిన వ్యాఖ్యలు గిట్‌లో ఉండవు. అవి ఆ సంస్థ డేటాబేసులో ఉంటాయి.

మాకు ఏమి పోయిందో ఒక ఉదాహరణ చెబుతాను. పలాస చుట్టూ ఉన్న ఉద్దానంలో జీడి పిక్కల ధరను 80 కిలోల బస్తా లెక్కన చెబుతారు. బయటి వ్యాపారి క్వింటాలు లెక్కన కొంటే బిల్లు ఎలా సర్దాలి, తడి పిక్కలకు తరుగు ఏ దశలో తీయాలి, పైసలను ఎక్కడ సరిచేయాలి అన్నవి పరిశ్రమ నడిపే ఒక పెద్దాయన ఓపికగా వివరించారు. తన చేతిరాత లెక్కల పుస్తకం పుటలు ఫొటోలు తీసి పంపారు. ఇప్పుడు మా కోడ్‌లో 80 అన్న అంకె ఉంది, తరుగు సూత్రం ఉంది. ఆ సూత్రం అలాగే ఎందుకు ఉండాలో చెప్పే మాట అందులో ఒక్కటీ లేదు. సీజన్ పనిలో తలమునకలై ఉన్న ఆయనను మళ్లీ మొదటి నుంచి అడగడానికి మాకు మొహం చెల్లడం లేదు.

అన్నీ దించుకోవడానికి ఎగుమతి బటన్ ఒకటి ఉంది. అది డబ్బు కట్టినవారికే పనిచేస్తుంది. ఒక మిత్రుడు ఆ డబ్బు కట్టి దించాడు. వచ్చిన ఫైలులో మనుషుల పేర్లకు బదులు అంకెలున్నాయి, ఫొటోలు లేవు. మరే సైటూ దాన్ని దిగుమతి చేసుకోలేదు. నా దృష్టిలో మోసం ఇదే. ఉచిత సేవను ఆపుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. కానీ మనం రాసుకున్నది మనకు ఇవ్వకపోవడం న్యాయం కాదు.

పెద్ద సంస్థ అయితే భయం లేదనుకోకండి. కోడ్ ఉంచుకోవడానికి గూగుల్ నడిపిన గూగుల్ కోడ్ సైటు 2006లో మొదలై 2016 జనవరిలో మూతపడింది. మైక్రోసాఫ్ట్ వారి కోడ్‌ప్లెక్స్ కూడా 2006లోనే మొదలై 2017 చివర ఆగిపోయింది. అయితే గూగుల్ దాదాపు పది నెలల ముందే ప్రకటించి, ప్రాజెక్టులను గిట్‌హబ్ అనే మరో సైటుకు తరలించే సాధనం ఇచ్చింది. మూసేవారు అలా మూయాలి. ఇలాంటిదే మరో సైటు బిట్‌బకెట్ 2020లో గిట్ లాంటి మెర్క్యూరియల్ సాధనానికి మద్దతు ఆపేసింది, అందులో ఉన్నవారంతా మారక తప్పలేదు. అసలు గిట్ పుట్టిందే ఇలాంటి దెబ్బ నుంచి. లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) రాసే బృందం ఇలాంటి పనికే బిట్‌కీపర్ అనే సాధనాన్ని ఉచితంగా వాడుకునేది, ఆ అనుమతి 2005లో పోయింది. అప్పుడు లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ గిట్ రాశారు.

2014లో కోడ్ స్పేసెస్ అనే కోడ్ నిల్వ సంస్థకు జరిగింది ఇంకా ఘోరం. దుండగుడు ఆ సంస్థ అమెజాన్ క్లౌడ్ ఖాతాలోకి చొరబడి, డబ్బు అడిగి, చివరకు బ్యాకప్‌లతో సహా చాలా డేటాను తుడిచేశాడు. సంస్థే మూతపడింది. బ్యాకప్‌లు కూడా అదే తాళం కింద ఉండటం వల్ల వచ్చిన నష్టం అది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే మరో సైటులో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేసును తుడిచినప్పుడు సుమారు ఆరు గంటల డేటా పోయింది. అప్పుడు కూడా కోడ్ భద్రంగా ఉంది, పోయినవి ఇష్యూలు, వ్యాఖ్యలు. జరిగిందంతా ఆ సంస్థ దాచకుండా బయటపెట్టింది. అందుకు నాకు వారి మీద గౌరవం పెరిగింది.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక మాట. గడువు ఎన్ని రోజులో షరతుల్లో చూడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. వారం గడువు ఇచ్చే సంస్థకు ఇవేవీ పట్టవు. 2014 డిసెంబరులో అయితే మన ప్రభుత్వం ఆపించిన 32 సైట్లలో గిట్‌హబ్ కూడా ఉంది. కొద్ది రోజుల్లోనే తెరిచినా, ఒక్కచోటే అన్నీ పెట్టుకున్నవారు చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

ఇప్పుడు ఎక్కడ పెట్టాలని అడిగితే, కాలేజీ ప్రాజెక్టుకు గిట్‌హబ్ చాలు. 2020 ఏప్రిల్ నుంచి అక్కడ ప్రైవేటు ప్రాజెక్టులకు కూడా సభ్యుల పరిమితి లేదు. ఒక్కో ఫైలు మాత్రం 100 ఎంబీ దాటకూడదు. గిట్‌ల్యాబ్ ఉచిత ఖాతాలో ప్రైవేటు గ్రూపుకు ఐదుగురే, పెద్ద బృందాలు గమనించాలి. కోడ్ అందరికీ తెరిచి ఉంచేవారైతే బెర్లిన్‌లో లాభాపేక్ష లేని సంఘం నడిపే కోడ్‌బర్గ్ మంచిది. మేము అక్కడికే వెళ్లాం. అది వాడే ఫోర్జేయో (Forgejo) సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా సొంత కంప్యూటర్లో ఉచితంగా నడుపుకోవచ్చు, అందువల్ల తలుపు మూసుకుపోతుందన్న భయం తగ్గుతుంది.

ఎక్కడ పెట్టినా ప్రాజెక్టుకు యజమానులుగా కనీసం ఇద్దరిని ఉంచండి, నోటీసులు ఇద్దరికీ వస్తాయి. మిర్రర్ పద్ధతిలో, అంటే చరిత్ర మొత్తంతో, క్లోన్ చేసిన (నకలు తీసిన) ప్రతిని వేరొక సంస్థలోనో, ఇంట్లోని హార్డ్ డిస్కులోనో దాచండి. ప్రాజెక్టు వివరాలు రాసే వికీ పేజీలకు సాధారణంగా వేరే రిపాజిటరీ (గిట్ నిల్వ) ఉంటుంది, దాన్ని విడిగా క్లోన్ చేయాలి. పెద్ద ఫైళ్లను విడిగా ఉంచే ఎల్‌ఎఫ్‌ఎస్ అనే గిట్ సౌకర్యం వాడితే అవి కూడా మిర్రర్‌లోకి వాటంతటవే రావు. ముఖ్యమైన నిర్ణయం జరిగిన ప్రతిసారీ దాని కారణాన్ని కోడ్ పక్కనే ఒక టెక్స్ట్ ఫైలులో రాసి కమిట్ చేయండి, అంటే గిట్‌లో నమోదు చేయండి. ఇష్యూలు పోయినా అది పోదు.

చేరేముందు ఒక ఉత్తుత్తి ప్రాజెక్టు తెరవండి. తెలుగులో ఇష్యూ రాసి, ఒక ఫొటో జతచేసి, ఎగుమతి చేసి, ఆ ఫైలును మరో సైట్లోకి ఎక్కించి చూడండి. రాసినవారి పేరు, తేదీ, ఫొటో, తెలుగు అక్షరాలు నాలుగూ చెక్కుచెదరకుండా వస్తేనే మీ అసలు ప్రాజెక్టును అక్కడ పెట్టండి.