ఛెత్రీయా, కుర్రాళ్లా?

2027 ఆసియా కప్ క్వాలిఫయర్లలో మన ఫుట్‌బాల్ టీమ్ ముందు రెండు దారులుండేవి. మొదటిది సునీల్ ఛెత్రీ. 2024 జూన్‌లో అంతర్జాతీయ ఫుట్‌బాల్‌కి రిటైరై, తొమ్మిది నెలలకే తిరిగొచ్చాడు. నలభై ఏళ్ల వయసులో ఆ ఐఎస్ఎల్ (మన దేశపు ఫుట్‌బాల్ లీగ్) సీజన్‌లో 14 గోల్స్. అప్పుడు మరే భారతీయుడూ అన్ని కొట్టలేదు. మరి పిలవక ఏం చేస్తారు? పిలిచిన అప్పటి భారత కోచ్ మనోలో మార్క్వెజ్ 2022లో మన హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ కప్పు తెచ్చిపెట్టిన కోచే. మాల్దీవులపై ఫ్రెండ్లీ మ్యాచ్‌లో ఛెత్రీ తలతో గోల్ కొట్టాడు. క్వాలిఫయర్‌లో బంగ్లాదేశ్‌పై మాత్రం 0-0.

రెండోది కుర్రాళ్లు, నా ఓటు వీళ్లకే. కొత్త కోచ్‌గా ఖాలిద్ జమీల్ రాగానే ఛెత్రీ లేకుండా కాఫా నేషన్స్ కప్‌కి (మధ్య ఆసియా టోర్నీ) వెళ్లి, పెనాల్టీల్లో ఒమన్‌ని ఓడించి మూడో స్థానం తెచ్చాడు. తీరా అక్టోబర్‌లో సింగపూర్‌పై మళ్లీ ఛెత్రీనే దించాడు! అక్కడ 90వ నిమిషంలో స్కోరు సమం చేసింది కుర్రాడు రహీమ్ అలీ. ఐదు రోజులకు గోవాలో అదే సింగపూర్ చేతిలో 1-2తో ఓడాం, ఆసియా కప్ చేజారింది.